వెనక తలుపు మీది తలకట్లు

మా వాకిట్లో ఇంకా రెడ్ ఆక్సైడ్ వాసన పోలేదు. వెల్డింగ్ దుకాణం నుంచి తిరిగొచ్చిన మా పికప్ బండి కొత్త రేకులు వేసుకుని, ఇటుక రంగు పూసుకుని, కొత్త చోట బిడియపడే మనిషిలా బిగుసుకుని నిలబడి ఉంది. దాని పక్కనుంచి పోయినప్పుడల్లా అలవాటుగా వెనక తలుపు మీద చేయి వేస్తాను. చల్లగా, నున్నగా తగులుతుంది. వేలికి ఏ అక్షరమూ అందదు.

ఆ తలుపు మీద ఒకప్పుడు నా పేరు ఉండేది. మా అమ్మది సరిహద్దు అవతల కన్నడం మాట్లాడే ఊరు. ఆమె తమ్ముడు బసన్న మామ మా ఊళ్లో దుకాణాలకు బోర్డులు రాసేవాడు. మా నాయన బండి కొన్న ఏడు, నేనింకా బడి ముఖం చూడనప్పుడు, మామ పసుపు రంగు డబ్బా పట్టుకుని వచ్చి, వెనక తలుపు ముందు గొంతుక్కూర్చుని, పొద్దంతా ఊపిరి బిగబట్టి 'సరళ' అని రాశాడు. తెలుగు అక్షరాలు మామ చూసి నేర్చుకున్నవే. పైన టిక్కులా పెట్టాల్సిన తెలుగు తలకట్టుకు బదులు, చేతికి అలవాటైన కన్నడ తలకట్టును, అడ్డంగా గీసి చివర కాస్త వంచేదాన్ని, మూడు అక్షరాలకూ పెట్టేశాడు. చదువు రాని మా నాయనమ్మకు కూడా అది తేడాగా కనిపించింది.

"గిదేంది బసన్నా, నా మనుమరాలి పేరు నెత్తిన గంపలెత్తుకున్నదా?"

"అంగడికి పోతున్నయ్ అత్తమ్మా, వచ్చినంక దించుకుంటయ్" అన్నాడు మామ, బ్రష్షు చెవిమీద దోపుకుంటూ.

నా బాల్యంలో సగం ఆ బండి వెనకాలే గడిచిందనిపిస్తుంది. చలికాలం నడుమ, చేనుకు పూజ చేసే ఎల్ల అమావాస్యకు ఇంటిల్లిపాదీ మొగుడంపల్లి దిక్కున్న మా చేనికి పోయేవాళ్లం. వెనకాల జొన్నచొప్ప పరిచి, దానిమీద జంపఖానా వేసి, అన్ని కూరగాయలూ అన్ని పచ్చి గింజలూ కలిపి వండిన బజ్జికూర గిన్నెను మోకాళ్ల మధ్య ఇరికించుకుని నాయనమ్మ క్యాబిన్‌కు వీపు ఆనించి కూర్చునేది. సజ్జరొట్టెల మూట అమ్మ ఒడిలో, అంబలి కుండ మామ చేతుల్లో, మేం పిల్లలం మాత్రం పక్క రేకుల మీద డప్పు కొడుతూ, దాటిపోయే బొంబాయి లారీలకు చేతులూపుతూ, గుంత వచ్చినప్పుడల్లా ఒకరి మీద ఒకరం పడి నవ్వుతూ ఉండేవాళ్లం. భూతల్లికి నైవేద్యంగా చేలో పొలి అన్నం చల్లి, కుసుమ పూల మధ్య తిని, పెద్దవాళ్లు కునుకు తీస్తుంటే, మామ నా వేలు పట్టుకుని ఎండకు వేడెక్కిన వెనక తలుపు మీద నా పేరు అక్షరాల వెంట తిప్పేవాడు. నా మొదటి అక్షరాలు పలక మీద నేర్చుకున్నవి కావు, రేకు మీదివి.

అందుకే బడిలో మొదటిసారి పేరు రాయమన్నప్పుడు గంపలతో సహా రాశాను. "తెలుగు అక్షరాలకు కన్నడ టోపీలు ఎందుకు పెట్టినవమ్మా?" అన్నారు టీచరమ్మ. తరగతంతా నవ్వింది. అసలే నోరు విప్పని పిల్లను, ఆ రోజు నుంచి బోర్డు దగ్గరికి పిలిస్తే కాళ్లు కదిలేవి కావు. ఇంట్లో సంగతి తెలిసి, "రేపే దిద్దిస్త తియ్" అన్నాడు నాయన. గడప దగ్గర కూర్చున్న మామ ముఖం చూసి నేను వద్దని తల అడ్డంగా ఊపాను. బడిలో టిక్కులు, బండికి గంపలు. అట్లా రెండు పేర్లతో పెరిగాను.

తవ్వగానే కడిగి, నీళ్లోడుతుండగానే నాయన అంగడికి తోలే అల్లం బస్తాలు బండిని లోపల్లోపల తినేశాయి. మట్టి తేమ మూలల్లో పేరుకుని, రంగు కింద బొబ్బలు లేచి, గోటితో గీకితే పొట్టులా రాలేది. నేను డిగ్రీ చదువుతుండగా మామ కామెర్లతో పోయాడు. ఊళ్లో ఆయన రాసిన బోర్డుల స్థానంలో ఒక్కొక్కటిగా ఫ్లెక్సీలు వచ్చాయి. చివరికి ఆయన చేతిరాత మిగిలింది మా బండి వెనకే.

ఈ ఏడు అడుగు రేకు పూర్తిగా పోయింది. హైవే పక్కన వెల్డింగ్ చేసే చాచా బండి కింద దూరి చూసి, "ఇది బండా జల్లెడనా పటేల్? అల్లం పోస్తే సంగారెడ్డి దాక విత్తుకుంట పోతవ్" అన్నాడు.

"అందుకే గద తెచ్చిన. అన్ని రేకులు మార్చెయ్" అన్నాడు నాయన.

వెనక తలుపు నడిమి రేకు ఇంకా గట్టిగానే ఉందనీ, దాన్ని విప్పి మాకు ఇచ్చెయ్యమనీ చెప్పడానికే నేను వెంట వెళ్లాను. దారంతా ఆ మాటే లోలోపల అనుకుంటూ పోయాను. గ్రైండర్ మొదలైంది.

"నాయినా, వెనక తలుపు..." అన్నాను.

"ఏమన్నవ్ బిడ్డా? గట్టిగ చెప్పు, మిషిన్ల ఇనరాదు. జర దూరం నిలవడు, నిప్పులు ఎగుర్తయ్" అన్నాడు చాచా.

అందరూ నావైపు చూశారు. "ఏం లేదు చాచా" అన్నాను.

మధ్యాహ్నం అమ్మతో కలిసి నాయనకు అన్నం తీసుకుపోయేసరికి కొత్త తలుపు బిగించేసి ఉంది. "పాతదేది?" అని అడిగాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"అండ్ల నడిమి రేకు మంచిగుండె. పారేస్తమా? ఒక ముక్క కోసి, కింద చక్రం పక్కన అతికిచ్చిన. కావాల్నా? పొద్దున చెప్పకపోతివి!" అన్నాడు చాచా.

వంగి చూశాను. తలకిందులుగా ఒక్క 'ళ'. వెల్డింగ్ సెగకు సగం నల్లబడినా నెత్తిమీది గంప మాత్రం చెక్కుచెదరలేదు. అమ్మ కూడా కొంగు దోపుకుని వంగింది. చేయి చాచి దాన్ని తడిమింది. "నమ్మ తమ్మన కై" అంది, తన భాషలో. మా తమ్ముడి చెయ్యి అని. సాయంత్రం కింది భాగమంతా నల్లటి తారు పూశారు.

"ఒక్క మాట నోట్లకెళ్లి రాకపాయెనా బిడ్డా" అన్నాడు నాయన దారిలో. గేరు మారుస్తూ, "నాకన్న యాదికి రాకపాయె" అన్నాడు.

వచ్చే వారం స్టిక్కర్ల దుకాణంలో కొత్త తలుపు మీద పేరు అతికిస్తారట. కంప్యూటర్ అక్షరాలు, తలకట్లు సరిగ్గా ఉంటాయి, ఎవరూ నవ్వరు. నాయనమ్మ లేదు. డప్పు కొట్టిన పిల్లలం ఎవరి బైకుల మీద వాళ్లం చేనికి పోతున్నాం. వెనకాల గిన్నెలు మాత్రమే కూర్చుంటాయి.

నిన్న నాయన పక్కన కూర్చుని రాయికోడ్ దాకా వెళ్లొచ్చాను. గుంత వచ్చినప్పుడల్లా, కింద ఆ ముక్క చప్పుడు చేస్తుందేమోనని చెవులు రిక్కించాను. చాచా పని గట్టిది. ఏ చప్పుడూ రాలేదు.