అలాస్కా వానలో నా భుజం తట్టిందెవరు?

దెయ్యాల సంగతి ఎవరు ఎత్తినా ఎగతాళి చేసే మనిషిని నేను. మేముండే ప్లేనో ఊళ్లో, స్నేహితుల ఇళ్లలో శనివారం భోజనాలయ్యాక ఎవరో ఒకరు హాస్టల్ గదిలో గజ్జెల చప్పుడు గురించి మొదలుపెడతారు. మధ్యలో దూరి ఆ కథను చీల్చి చెండాడితే గానీ నాకు నిద్రపట్టదు. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఎవరైనా "ఒకసారి ఇలా జరిగింది" అంటే, మళ్లీ జరిపించి చూపించమని అడగడానికే నాకు జీతమిస్తారు.

ఇప్పుడు అలాంటిదే నేనొకటి రాస్తున్నాను. మళ్లీ జరిపించి చూపించలేను.

ఒక ఆగస్టులో మా పాపను స్నేహితుల ఇంట్లో వదిలి, నేనూ నా భార్య స్వప్నా అలాస్కా వెళ్లాం. ఆంకరేజ్‌లో పెద్ద బైక్ ఒకటి అద్దెకు తీసుకుని సీవార్డ్ అనే ఊరికి వెళ్లి, అదే దారిలో తిరిగి రావాలని ప్లాన్. ఆ దారిలో సగం సముద్రపు పాయ పక్కనే ఉంటుంది. అక్కడ సముద్రం మంచు కొండల మధ్యకు సన్నగా, లోతుగా చొచ్చుకొస్తుంది. అలాంటి పాయనే ఫియర్డ్ అంటారు. ఒకవైపు నిలువు కొండ, మరోవైపు రైలు పట్టాలు, పట్టాలకు ఆవల బూడిదరంగు నీళ్లు. పదేళ్లుగా బైక్ నడుపుతున్నాను గానీ అంత అందమైన రోడ్డు చూడలేదు. వెళ్లేటప్పుడు ఎండ కాసింది. స్వప్న వెనక కూర్చుని ఫొటోలు తీస్తూనే ఉంది.

మాకు హెల్మెట్‌లో మాట్లాడుకునే పరికరాలు లేవు. బైక్ అద్దెకిచ్చిన దుకాణం వాళ్లు ఇస్తామన్నా, దారంతా చెవిలో నా సోది వినలేనని స్వప్న వద్దంది. హైదరాబాద్‌లో స్కూటర్ మీద తిరిగే రోజుల నుంచీ మాకొక పద్ధతి ఉంది. కుడి భుజం మీద ఒకసారి తడితే మెల్లగా వెళ్లమని, రెండుసార్లు తడితే ఆపమని.

తిరుగు ప్రయాణం రోజు పొద్దున్నే వాన మొదలైంది.

"ఇయ్యాల వద్దు. వాన తగ్గినంక రేపు పోదాం" అంది స్వప్న.

సాయంత్రానికి బైక్ తిరిగి ఇచ్చెయ్యాలి, ఇది చిన్న జల్లే అన్నాను. ఆమె జాకెట్ వేసుకుంది. లోపల కాటన్ కుర్తా, జీన్స్. నేను కొనిచ్చిన ఉన్ని థర్మల్స్ గుచ్చుకుంటున్నాయని బ్యాగులోనే పెట్టేసింది. తడిసిన కాటన్ ఒంట్లో వేడినంతా లాగేస్తుందని అప్పుడు మా ఇద్దరికీ తెలియదు.

కొండ ఎక్కేసరికి జల్లు కాస్తా జోరువాన అయింది. స్వప్న రెండు చేతులూ నా జాకెట్ జేబుల్లో పెట్టుకుని వీపుకు ఆనుకుంది. కాసేపు ఆమె వణుకు నాకు బాగా తెలిసింది. తర్వాత ఆ వణుకు ఆగిపోయింది. వేడెక్కిందిలే అనుకున్నాను. "ఓకేనా?" అని అరిచాను. జవాబు లేదు. అలిగిందనుకున్నాను. మా ఇంట్లో అలక అంటే మాటలు పూర్తిగా బంద్. అందులో వింతేమీ లేదు.

కొండ దిగి మళ్లీ సముద్రం పక్కకు వచ్చాం. నీళ్ల మీద నుంచి వచ్చే గాలికి బండి పక్కకు జరిగిపోతోంది. హ్యాండిల్ గట్టిగా పట్టుకుని, రోడ్డు మీది తెల్ల గీత మీదే కళ్లు పెట్టి నడుపుతున్నాను.

అప్పుడు నా కుడి భుజం మీద రెండు దెబ్బలు పడ్డాయి.

అది లోపల ప్యాడ్ ఉన్న జాకెట్. మామూలుగా తడితే తెలియనే తెలియదు. ఇవి స్పష్టంగా తెలిశాయి. అద్దంలో చూస్తే వీపుకు వాలిన స్వప్న హెల్మెట్ మాత్రమే కనిపించింది. వెనక పెద్ద ట్రక్కు వస్తోంది. పక్కన ఆపడానికి చోటు లేదు. ముందుకు వెళ్లి ఆపుదామనుకున్నాను.

మళ్లీ రెండు, ఈసారి ఇంకా గట్టిగా. నాకు చిరాకేసింది. "ఆపుతా, చోటు దొరకాలి కదా" అని అరిచాను.

మూడోసారి తట్టలేదు. భుజాన్ని పట్టుకుంది. ప్యాడ్ మీద నుంచి అయిదు వేళ్లూ నాకు తెలిశాయి. పట్టుకుని వెనక్కి లాగింది. అంతలో రోడ్డు పక్కన పార్కింగ్ స్థలం, అందులో ఆగి ఉన్న ఒక ఆర్‌వీ, అంటే ఇల్లులాంటి పెద్ద వ్యాను, కనిపించాయి. వెంటనే తిప్పేశాను.

కాళ్లు కింద ఆనించి "దిగు" అన్నాను. ఆమె కదల్లేదు. కిందికి చూశాను. స్వప్న చేతులు రెండూ మణికట్టు దాకా నా జేబుల్లోనే ఉన్నాయి.

మరి నా భుజం పట్టుకున్నదెవరు? కానీ అప్పుడు దాని గురించి ఆలోచించే తీరిక లేదు. ఆమె బరువంతా ఒక పక్కకు ఒరిగిపోతోంది. నేను కదిలితే బండితో పాటు ఆమె కూడా పడిపోతుంది. కేకలు వేస్తూ హారన్ కొట్టాను. ఆర్‌వీలోంచి పెద్ద వయసు దంపతులు పరుగున వచ్చారు. స్వప్న వేళ్లు ఎంత బిగుసుకుపోయాయంటే, ఆ పెద్దావిడ నా జేబులను లోపలి నుంచి తిరగేసి గానీ చేతులు బయటికి తీయలేకపోయింది. స్వప్న పెదాలు నీలంగా ఉన్నాయి. కళ్లు సగం తెరిచి ఉన్నా నన్ను చూడటం లేదు.

వాళ్లు ఆమెను లోపలికి తీసుకెళ్లి హీటర్ పెట్టి, తడి బట్టలు తీసేసి దుప్పట్లు చుట్టారు. పెద్దాయన అంబులెన్స్‌కి ఫోన్ చేశాడు. అది వచ్చేదాకా నేను స్వప్న పేరు పిలుస్తూనే ఉన్నాను. పాపకు ఏమని చెప్పాలి అన్న ఆలోచన వచ్చింది. నా జీవితంలో అంత భయం ఎప్పుడూ వేయలేదు.

బైక్ అక్కడే వదిలేసి అంబులెన్స్‌లో ఆంకరేజ్ ఆసుపత్రికి వెళ్లాం. వణుకు ఆగిపోవడమే అసలు ప్రమాదమని, ఇంకాస్త ఆలస్యమైతే గుండె ఆగిపోయేదని డాక్టర్ చెప్పింది.

సాయంత్రానికి స్వప్న మాట్లాడింది.

"ఆమె ఏది?"

ఆర్‌వీలో ఉన్న పెద్దావిడ గురించి అడుగుతోందనుకుని, వాళ్లు వెళ్లిపోయారని చెప్పాను.

"ఆమె కాదు. నా ఎనుక కూసున్నామె. కొండ దిగినప్పటి సంది నన్ను పడిపోకుంట పట్టుకున్నది. ఎంత వెచ్చగుండెనో. నా మీదికెల్లి చెయ్యి చాపి నీ భుజం మీద కొట్టింది. నువ్వు ఆపలే."

నా భుజం సంగతి అప్పటికి నేను ఎవరికీ చెప్పలేదు.

వెనక ఎవరూ లేరన్నాను. ఆమె సీటు వెనక సామాను పెట్టె ఉంది, అక్కడ మనిషి కూర్చునే చోటే లేదని గుర్తుచేశాను. ఆమె ఆ మాట వినిపించుకోలేదు. ఏడుపు మొదలుపెట్టింది.

"అంత వానల ఆమెను అక్కడ్నే ఇడిచిపెట్టి వచ్చినమా?"

నర్సు వచ్చి ఎంత సముదాయించినా ఆగలేదు.

చలికి మెదడు మొద్దుబారితే లేని మనుషులు కనిపిస్తారని డాక్టర్ అంది. స్వప్న విషయంలో ఒప్పుకుంటాను. నేను మాత్రం ఉన్ని బట్టల్లో వెచ్చగానే ఉన్నాను. పెట్టె ఆసరాతో ఆమె వెనక్కి పడకుండా ఉండవచ్చు. ఆ గాలిలో, స్పృహ లేకుండా, పక్కకు ఎలా పడలేదు? నంబరు ఇచ్చి వెళ్లిన ఆర్‌వీ పెద్దాయనకు ఫోన్ చేసి అడిగాను. బండి మీద ఇద్దరినే చూశానన్నాడు. జాకెట్‌కు గాలికి కొట్టుకునే పట్టీ ఏదైనా ఉందేమోనని వెతికాను. లేదు.

మర్నాడు బైక్ కోసం టాక్సీలో అక్కడికి వెళ్లాను. వాన ఇంకా కురుస్తూనే ఉంది. ఆ స్థలంలో నా బండి తప్ప ఏమీ లేదు. జేబురుమాలుతో సీటు తుడిచాను. తుడిచాక చూసుకుంటే వెనక సీటు కూడా తుడిచేశాను.

ఇంజిన్ స్టార్ట్ చేసి గేరు వేయకుండా కూర్చున్నాను, వెనక ఒక మనిషి ఎక్కి సర్దుకోవడానికి పట్టేంత సేపు. ఎందుకలా కూర్చున్నానో అడగొద్దు. వెనక ఎవరైనా ఎక్కితే బండి కాస్త కుంగుతుంది. అది కుంగలేదు. ఒట్టేసి చెప్పగలను.

అయినా ఆంకరేజ్ దాకా వెనక మనిషి ఉన్నట్టే నడిపాను. వంపుల్లో మెల్లగా వెళ్లాను. బ్రేకు మెత్తగా వేశాను. అద్దంలోకి మాత్రం చూడలేదు.

తడి బట్టలతోనే ఆసుపత్రి గదిలోకి వెళ్లాను. స్వప్న మంచం మీద లేచి కూర్చుని తలుపు వైపే చూస్తోంది.

"తీసుకొచ్చినవా ఆమెను?"

"తీసుకొచ్చాను" అన్నాను.

ఆమె వెనక్కి వాలి కళ్లు మూసుకుంది. రెండు రోజుల్లో మొదటిసారి ప్రశాంతంగా నిద్రపోయింది. ఆ రోజు నేను చెప్పింది అబద్ధమో నిజమో నాకు ఇప్పటికీ తెలియదు.