ఒకటిన్నర అంగుళం తేడా

మొన్న పంజాగుట్టలో డాక్టరు నా నడుము ఎక్స్‌రేను వెలుతురుకు ఎత్తి పట్టుకొని, మనిషి నడుము అసలు రెండు కాళ్ళ మీద నిలబడడానికి తయారైంది కాదనీ, నాలుగు కాళ్ళ జంతువు నడుమునే నిలబెట్టి వాడుకుంటున్నామనీ, అందుకే ఈ వయసులో ఇట్లా అరిగిపోతుందనీ నవ్వుతూ చెప్పాడు. ఆయనకు నవ్వొచ్చింది గానీ నాకు ఒళ్ళు మండింది. మా పనిలో అట్లాంటి సరుకు చేతికిస్తే కొనవచ్చిన గిరాకీ మా మొహాన విసిరికొట్టేవాడు. మనిషిని చేసినవాడి మీద ఈ కోపం నాకు కొత్తది కాదు, నలభై ఏళ్ళ నాటిది. ఇప్పుడు అది కూడా నాలాగే అలిసిపోయింది, అంతే.

ఎనభైల్లో అమీర్‌పేటలో ఒక గల్లీలో, మా ఉస్తాద్ దుకాణంలో నేను బూట్లు కుట్టేవాణ్ణి. పుట్టుకతోనే పాదం వంకర తిరిగిన పిల్లలకు, పోలియోతో కాలు చిక్కిపోయినవాళ్ళకు, ఒక కాలు పొట్టిదైనవాళ్ళకు కుట్టే బూట్లు; మా దగ్గర ఏ జతా జత కాదు, ఎడమది ఒక తీరు, కుడిది ఒక తీరు. ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి కనుక పాత పుస్తకాలు తూకానికి కొని చదువుకునేవాణ్ణి, దేవుడున్నాడని రాసినవీ, లేడని రాసినవీ. ఎంతెంత పెద్ద మాటలు చెప్పినా, సరిగ్గా ఆ వంకర పాదం దగ్గరికి వచ్చేసరికి అందరూ పక్కదారి పట్టేవాళ్ళు.

అట్లాంటి నాకు కూతురు పుట్టింది, ఎడమకాలు పొట్టిగా. మా అమ్మ బల్కంపేట ఎల్లమ్మకు మొక్కి ఏటా బోనమెత్తింది. పక్కింట్లో కోస్తా నుంచి వచ్చిన మాస్టారు పూర్వజన్మ కర్మ అన్నాడు. ఆ పసిగుడ్డు చేసిన నేరమేమిటో కాగితం మీద రాసివ్వండి అని నేను వాకిట్లోనే పట్టుకుంటే, "మీతో వాదించలేనండీ బాబూ" అని తలుపేసుకున్నాడు.

పిల్లకు ఆరేళ్ళొచ్చి బడికి పోవాల్సి వచ్చినప్పుడు బూటు నేనే కుడతానన్నాను. మా పద్ధతి ఏమంటే, పొట్టికాలి కింద పావంగుళం చెక్కబిళ్ళలు ఒక్కొక్కటే పెట్టుకుంటూ పోతాము, నడుము రెండువైపులా సమానంగా వచ్చేదాకా. తేడా అట్లా తెలుస్తుంది; మా పిల్లకు ఒకటిన్నర అంగుళం వచ్చింది. బూటు మాత్రం ఉస్తాద్ మొదట అందులో సగం కూడా ఎత్తనిచ్చేవాడు కాదు, కొన్ని నెలలకొక తోలు పొర చొప్పున కలిపేవాడు. ఎంతమంది పిల్లలకో నేనే అట్లా కలిపాను. కానీ నా బిడ్డ ఇంక ఒక్కరోజు కూడా కుంటకూడదని, చేసినవాడి తప్పును ఒక్కదెబ్బకు దిద్దిపారేయాలని, ఉస్తాద్ లేని సమయం చూసి ఒకటిన్నర అంగుళం సోలు నిండుగా వేసి కుట్టాను.

పిల్ల తొడుక్కొని నిటారుగా నిలబడితే మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది. బడి మెట్ల దగ్గర ముందుకు పడింది పిల్ల; గడ్డం చీలింది. "నాయినా, గీ బూటు నన్ను తోస్తున్నది" అని ఏడుస్తూ లాగి అవతల పారేసింది. ఆ తర్వాత బూటు కనబడితే చాలు, కాలు ముడుచుకొని మంచం కిందికి దూరేది. బడి మానేసింది. రెండు వారాలు అట్లా గడిచేసరికి, ఇంక జన్మలో తొడగదేమో, దాని నడకను నా చేతులతో నేనే చెడగొట్టానేమోనని నాకు అన్నం సయించలేదు.

పిల్లనూ బూటునూ తీసుకొని ఉస్తాద్ ముందు నిలబడ్డాను. ఆయన సోలు తిప్పి చూశాడు. "ఆరేండ్ల సంది గా పొట్టికాలు మీదనే నిలబడ్డది బేటా. నడుము దాని తీరుగ అది సర్దుకున్నది. నువ్వొచ్చి ఒక్క దినంల అంతా ఉల్టా జేస్తనంటే ఎట్ల?" అన్నాడు. తర్వాత పిల్లను తన పీట మీద కూర్చోబెట్టి, కత్తి పట్టుకొని, "ఏం మేస్త్రీ, ఎంత కోయమంటవ్?" అని దాన్నే అడిగాడు. ఒక పొర తీశాడు. పిల్ల బూటు వంక అనుమానంగా చూసి "ఇంకా" అంది. మళ్ళీ "ఇంకా". అరంగుళం కూడా మిగలలేదు, అప్పుడు తనంతట తానే కాలు పెట్టింది. గోడ పట్టుకొని గల్లీ చివరిదాకా పోయి, వచ్చేటప్పుడు గోడ వదిలేసింది.

సంతోషించాల్సింది పోయి నాకు కోపం పొంగింది. నడుముకు సర్దుకునే తెలివి ఇచ్చినవాడు కాలు సరిగ్గా ఎందుకివ్వలేదని, రోజుకు ఐదుసార్లు నమాజు చేసే మీరు ఒక్కసారైనా అడిగారా అని ఆయన్నే నిలదీశాను. ఆయన దారానికి మైనం రుద్దుకుంటున్నాడు.

"ఐదుసార్లూ గదే అడుగుతున్న. జవాబొస్తే నీకు సుత చెప్త. గప్పటిదాంక జర గా సూది ఇటియ్యి."

ఇచ్చాను. ఇంకేం చేస్తాను?

ఆ ఎత్తు పూర్తి కావడానికి రెండేళ్ళు పట్టింది. ఉస్తాద్ పోయి చాలాకాలమైంది. దుకాణం ఉన్నచోట ఇప్పుడు కోచింగ్ సెంటరు. ఎట్లాంటి ప్రశ్నకైనా జవాబు నేర్పుతామని గోడ నిండా రాసుకున్నారు. వంకర పాదాలకు పసితనంలోనే కట్లు కట్టి సరిచేస్తున్నారు, పోలియో కనబడడం లేదు, అంతా మంచిదే. అయితే అదంతా చేసింది డాక్టర్లూ నర్సులూ, పైవాడు దిగివచ్చి దిద్దింది కాదు.

నా తుంటి ఒకపక్క కుంగిందని డాక్టరు చెప్పులో పెట్టుకొమ్మని ఒక మెత్త రాసిచ్చాడు. నలభై దాటిన నా కూతురు దాన్ని కొనుక్కొచ్చి, వేళ్ళ మధ్య పట్టి మందం చూసి, "ఒక్కసారే ఇంత వద్దు నాయినా" అని కూరగాయల కత్తితో ఒక పొర తీసేసింది.

జవాబొస్తే చెప్తనన్నాడు ఉస్తాద్. ఆయన మాట తప్పే మనిషి కాదు. పైవాడికి అంత దగ్గరికి పోయి అడిగినా ఇంకా రాలేదన్నమాట.