గాలికి అడ్డంగా

ఎనభైల మొదట్లో, నాకు పెళ్లయిన కొత్తలో, నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బస్సులో పోతున్నాను. పక్కన నలభై దాటిన ఒకామె కూర్చుంది. ఊరి చివర ఐసు ఫ్యాక్టరీ దగ్గరికి రాగానే ఆమె మరచెంబులో నీళ్లతో కొంగు తడుపుకొని ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నాకైతే ఏ వాసనా రాలేదు.

"ఏందక్కా, వాంతి వస్తాందా?" అన్నాను.

ఆమె కొంగు తీసి నవ్వింది. "లేదు పాపా, అలవాటు. మా ఇంటాయన ఇట్లాంటి ఫ్యాక్టరీలోనే పనిచేస్తాండె, వేరే ఊర్లో. ఆడ ఐసు కట్టేదానికి అమ్మోనియా గ్యాసు పెట్టింటారు, పీలిస్తే పానం పోతాది. అది కారితే ఏం చేయాల్నో కంపెనీవాళ్లు మా వీధికి ఎప్పుడూ చెప్పల్యా. ఆయప్పే నాకు నేర్పినాడు. కొంగు తడుపుకో, గాలికి అడ్డంగా నడువు, పక్కిండ్లోళ్లను గూడా పిలుచుకొని పో, నా కోసం మాత్రం ఎదురుచూడొద్దు అన్యాడు."

"మరి ఎప్పుడన్నా కారిందా?"

"కారింది. వాల్వు తిప్పి కట్టేసేదానికి ఆయప్ప లోపలికి పోయినాడు, మళ్లా రాల్యా. నేను ఆయప్ప చెప్పినట్లే చేసినా. మా వీధిలో అందరూ బతికినారు."

ఆమె కిటికీలోంచి శనగ చేల వైపు చూసింది.

"ఎదురుచూడొద్దన్న మాటొక్కటే వినల్యాకపోయినా పాపా. ఇప్పటికీ సందకాడ ఆయప్ప వచ్చే దావ దిక్కు చూసుకుంటా కూచుంటా" అంది.

ఆళ్లగడ్డలో దిగి జనంలో కలిసిపోయింది. ఆ తర్వాత చాలా ఏళ్లు, మా ఆయన సైకిలు గంట వినిపించేదాకా నేను అన్నం ముందు కూర్చోలేకపోయాను.