రంగ్‌బెన్ చాలూ ఛే!

కార్ఖానాలో మెషీన్ ఆగిపోతే చప్పట్లు కొట్టిన పిల్లను ఎక్కడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి!

సూరత్‌లో, బమ్రోలి దగ్గర మా సేఠ్‌కు చీరల ప్రింటింగ్ యూనిట్ ఉంది. చీరల ఫొటోలకు నంబర్లు వేయడం నా పని. ప్రింటింగ్ మెషీన్‌కు డిజైన్లు పంపే సాఫ్ట్‌వేర్ పేరు రంగ్. దానికో రోగం. ఉన్నట్టుండి దానంతటదే మూసుకుపోతుంది. మెషీన్ చేతిలో ఉన్న చీర పూర్తిచేసి ఊరుకుంటుంది. అందరూ చాయ్ బ్రేక్ అనుకుంటారు!

యూట్యూబ్ చూసి ప్రోగ్రామింగ్ నేర్చుకున్నదాన్ని, చేతులు ఊరుకుంటాయా? "సేఠ్, రంగ్ నడుస్తోందో లేదో చూసి మీ ఫోన్‌కు మెసేజ్ పెట్టే ప్రోగ్రామ్ రాస్తా" అన్నాను.

"ఈ వారం చూస్తా. పనిచేస్తే కంప్యూటర్ పనంతా నీదే. లేకపోతే నీ నంబర్లు నీకే" అన్నాడు సేఠ్.

రాసేశాను. కంప్యూటర్లో ఏయే ప్రోగ్రామ్‌లు నడుస్తున్నాయో వాటి పేర్లన్నీ తీస్తుంది. ఆ పేర్లలో ఎక్కడైనా 'రంగ్' కనిపిస్తే "రంగ్ చాలూ ఛే" అని, అంటే రంగ్ నడుస్తోందని గుజరాతీలో మెసేజ్. కనిపించకపోతే "రంగ్ బంద్ ఛే". నా ప్రోగ్రామ్‌కు 'టెస్ట్' అని పేరు పెట్టి, రంగ్‌ను మూసి చూశాను, తెరిచి చూశాను. సూపర్!

అక్కడితో ఆగొచ్చు కదా? సూరత్‌లో మగవాళ్ల పేరుకు భాయ్, ఆడవాళ్ల పేరుకు బెన్ తగిలించందే మాకు నోరు తిరగదు. నా ప్రోగ్రామ్‌కు మాత్రం మర్యాద వద్దా? 'టెస్ట్' తీసేసి ముద్దుగా 'రంగ్‌బెన్' అని పెట్టాను.

మర్నాడు మెషీన్ మూగబోయింది. సేఠ్ ఫోన్ నా మొహం ముందు పెట్టాడు. "రంగ్ చాలూ ఛే." చల్లబడ్డ మెషీన్ వైపు వేలు చూపించాడు. "యే చాలూ ఛే?" అంతలో ఫోన్ మళ్లీ టింగుమంది. "రంగ్ చాలూ ఛే!"

మెషీన్ నడిపే మల్లేశన్న నవ్వాపుకోలేకపోయాడు. "సేఠ్, సూరత్ మొత్తం కరెంటు పోయినా గిది చాలూ అనే అంటది!"

పేర్ల జాబితా తెరిచి చూశాను. రంగ్ లేదు. రంగ్‌బెన్ ఉంది! మహాతల్లి తన పేరులోనే రంగ్‌ను చూసుకుని, అంతా బాగుందని మెసేజ్‌లు కొడుతోంది.

ఇంటికెళ్లి అమ్మకు చెప్పాను. "అంటే ఏందే? నువ్వు అద్దంల మొహం చూస్కొని, మీ బిడ్డ ఇంట్లనే ఉందని నాకు ఫోన్ చేసినట్టా?"

"అచ్చం గంతే అమ్మా."

"గా ప్రోగ్రామ్‌కు నీ పోలికే వచ్చింది."

పేరు పూర్తిగా 'రంగ్' అని ఉంటేనే లెక్కలోకి తీసుకునేలా సరిచేశాను. ఇక అది బంద్ అయితేగానీ నా పనితనం తెలియదు. కానీ ఎన్నడూ లేంది రంగ్‌కు రోగం నయమైపోయింది! వారం కరిగిపోతోంది. జర ఆగిపోవే తల్లీ అని లోపల్లోపల మొక్కుకున్నాను.

ఆఖరి రోజు మధ్యాహ్నం సేఠ్ ఫోన్ టింగుమంది. "రంగ్ బంద్ ఛే!"

"ఆగిపోయింది! ఆగిపోయింది!" అని ఎగిరి చప్పట్లు కొట్టాను.

"నా మెషీన్ ఆగితే నువ్వు గర్బా ఆడుతున్నావా!" అని అరిచాడు సేఠ్. పరుగెత్తి రంగ్‌ను మళ్లీ తెరిచాను. మెషీన్ కదిలింది. సేఠ్ ఫోన్‌ను చూశాడు, నన్ను చూశాడు. "రేపట్నుంచి కంప్యూటర్ టేబుల్‌కు మారిపో, రంగ్‌బెన్."

అంతే, ఆ పేరు నాకే అంటుకుంది. ఇప్పుడు ఎవరైనా తలుపు దగ్గర నిలబడి "రంగ్‌బెన్ ఉందా?" అని అడిగితే చాలు, మల్లేశన్న నా కుర్చీ వైపు చూడనైనా చూడకుండా అరుస్తాడు:

"చాలూ ఛే!"