కోరుట్ల ఫైనల్, మూడో రౌండ్

పాత బాక్సర్లందరం ఒకరోజు జగిత్యాలలో కలుద్దామని మా గురువు ఫోన్ చేశారు. ఊరి బయట ఆయనకు మామిడితోట ఉంది. మధ్యాహ్నం అక్కడే భోజనాలు. ఫోన్ పెట్టేసేముందు గొంతు తగ్గించి, "కోరుట్లాయన గూడ అస్తున్నడు. మీ అన్నకు ముందే చెప్పు" అన్నారు.

చెబితే అన్న రాడనే అనుకున్నాను. నడుస్తున్న సాంచా ఆపి, చేతులు తుడుచుకుని, "రానియ్యి. నేను గూడ అస్త" అన్నాడు.

సిరిసిల్లలో అన్నా నేనూ ఒకే షెడ్డులో పవర్‌లూమ్ సాంచాలు నడుపుతాం. వయసులో ఉన్నప్పుడు ఇద్దరం బాక్సింగ్ నేర్చుకున్నాం. నాకది పెద్దగా అబ్బలేదు. అన్నకు అబ్బింది. కోరుట్లలో జరిగిన ఫైనల్లో ఆయన ఓడిపోయాడు. మా ఇంట్లో మాత్రం ఓడిపోయాడని ఎవరూ అనరు, ఓడగొట్టారనే అంటారు. మూడో రౌండులో అవతలివాడు, అంటే ఈ కోరుట్లాయనే, వెల్లకిలా పడ్డాడు. దెబ్బ తగిలి పడినవాడికి పెట్టాల్సిన అంకెల లెక్క రెఫరీ పెట్టలేదు. కాలు జారిందని చెప్పి, అతన్ని లేపి, గ్లౌజులకు అంటిన దుమ్ము తుడిచి మళ్లీ ఆడించాడు. చివరికి జడ్జీలు అతన్నే గెలిపించారు. అన్న చేయి కూడా కలపకుండా రింగు దిగాడు. మళ్లీ ఎప్పుడూ ఎక్కలేదు.

ఆ రోజు తడి తువ్వాలు పట్టుకుని రింగు పక్కన అన్న మూల దగ్గర నిలబడింది నేనే. కానీ నాకు రెఫరీ వీపు తప్ప ఏమీ కనిపించలేదు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా అన్నకు నచ్చేది కాదు.

మేం తోటకు వెళ్లేసరికి కోరుట్లాయన వచ్చి ఉన్నాడు. జుట్టు పలచబడింది, పొట్ట వచ్చింది. అన్న అతనివైపు చూడకుండా చాప మీద ఈ చివర కూర్చున్నాడు. అతను ఆ చివర కూర్చున్నాడు. మధ్యలో ఉన్నవాళ్లంతా అవసరానికి మించి గట్టిగా మాట్లాడారు.

"మన కాలంల దెబ్బ అంటే ముత్యంపేటోనిదే. గా కుడిచెయ్యి తాకినంక మనిషి నిలవడుడు నేను సూడలే."

"కొట్టుడొక్కటేనా? తప్పించుకునుడు సూడాలె. ఎల్లారెడ్డిపేటోడు రింగుల ఉంటే గాలిని గుద్దినట్టే ఉండె."

"వాడు తప్పించుకునుడే గని కొట్టిందెప్పుడు?"

అలా సాగింది. ఒకరు కనుబొమ్మ చిట్లినందుకే ఆపేసిన పోటీ గురించి చెప్పారు. ఇంకొకరు గంట కొట్టాక తగిలిన దెబ్బ గురించి చెప్పారు. అన్న అన్నం కలుపుతున్నాడే గానీ ముద్ద నోట్లో పెట్టడం లేదు.

ఆకుల మీద మళ్లీ కూర వడ్డిస్తుండగా ఒకతను అననే అన్నాడు. "ఇవన్ని కాదు. అన్నిట్ల అన్యాయమైన తీర్పు ఏదో అందరికి ఎరికే గదా. కోరుట్ల ఫైనల్."

"కూర సల్లారుతది, తినుండ్రి" అన్నారు గురువు. ఎవరూ తినలేదు.

కోరుట్లాయన తల ఎత్తాడు. "అనుండ్రి. ఇన్నేండ్లసంది నా ఎనుక అంటున్నరు. ఇయ్యాల నా ముందట అనుండ్రి."

అన్న లేచాడు. నేనూ లేచాను. అన్న నేరుగా చాప ఆ చివరకు వెళ్లి నిలబడ్డాడు. కోరుట్లాయన ఆకు పక్కకు జరిపి, ఎంగిలి చేత్తోనే లేచాడు. ఇద్దరి మధ్యా చేయి చాచినంత దూరం ఉంది. తెలియకుండానే అన్న పిడికిళ్లు బిగిశాయి. నేను చేయి పట్టుకుని లాగబోతే విదిలించాడు.

"ఒక్కటే అడుగుత. జారినవా, నేను కొడితే పడ్డవా?"

అతను అన్న కళ్లలోకి చూశాడు. "కొడితెనే పడ్డ."

"మరి గప్పుడు ఎందుకు చెప్పలే?"

"ఏం చెప్పాలె? చెవులల్ల గుయ్యిమంటున్నది. రెఫరీ నా గ్లౌజులు ఎందుకు తుడుస్తున్నడో గూడ తెల్వలే. తెలివికచ్చేటాళ్లకు నా చెయ్యి లేపిండ్రు. మా నాయిన నన్ను భుజాలమీద ఎత్తుకున్నడు. దిగి, నేను గెలువలేదని చెప్పాల్నా?"

కోరుట్లాయన గొంతు లేచింది.

"గని మొదటి రెండు రౌండ్లు కొట్టింది నేను. ఒక్కసారి పడితే ఓడినట్టు కాదు, నీకు తెల్వదా? గా రెండు రౌండ్ల ముచ్చట ఒక్కడన్న చెప్తడా? మా ఊర్ల ఎవ్వడు నన్ను గెలిచినోడనలే. గెలుపు ఇచ్చిండ్రన్నరు. నా కొడుక్కు గూడ గదే చెప్పిండ్రు. వాడు ఇంటికచ్చి నన్ను అడిగిండు."

కొట్టేస్తాడేమోనని నేను ఒక అడుగు ముందుకు వేశాను. అన్న అతని మొహంలోకి చూశాడు. పిడికిళ్లు మెల్లగా విడిపోయాయి.

"మొదటి రౌండు నీదే. నీ ఎడమచెయ్యి నాకు కనవడనే లేదు."

ఆ మాట అన్న నోట నేను అంతకుముందెప్పుడూ వినలేదు.

"రెండోది?" అన్నాడతను.

"నాది."

"నీది కాదు."

"నాదే."

ఎవరో నవ్వారు. వాళ్లిద్దరూ నవ్వలేదు. గురువు లేచి, ఇద్దరి భుజాల మీదా చేతులు వేసి కూర్చోబెట్టారు. ఎవరి చోట వాళ్లు కూర్చుని, తలలు వంచుకుని తిన్నారు.

తిరుగుప్రయాణంలో బస్సు వేములవాడ దాటాక అన్నను, "మనసు నిమ్మలమైందా?" అని అడిగాను.

"ఏమో తమ్మీ. జారిన అనే చెప్తడనుకున్న. గట్ల అంటే ఏం జెయ్యాల్నో నాకు ఎరికే ఉండె." కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు. కోపం పోయిన మనిషిలా లేడు. దాన్ని పోగొట్టుకున్న మనిషిలా ఉన్నాడు.

కొన్నాళ్ల తర్వాత షెడ్డులో ఉండగా కోరుట్లాయన ఫోన్ చేశాడు. సాంచాల చప్పుడులో వినబడక అన్న బయటికి వెళ్లాడు. ఎండలో అటూ ఇటూ తిరుగుతూ, ఖాళీగా ఉన్న చేత్తో గాలిలో ఏదో చూపిస్తూ చాలాసేపు మాట్లాడాడు. లోపలికి వచ్చాక ఏమన్నాడని అడిగాను.

"రెండో రౌండు ఆనిదేనట" అన్నాడు అన్న. తెగిన పోగు చూసి, వంగి ముడి వేయసాగాడు.