ఒక దేశపు ఎగుమతిని భోంచేసిన వైనం

ఇరవైల్లో ఉన్నప్పుడు మనిషికి తెలియని విషయమంటూ ఉండదు. ఆ రోజుల్లో నన్ను ఎవరేం అడిగినా "అయిపోతుందండీ" అనేవాణ్ణి. ఏమిటి అయిపోయేది అన్నది తరవాత కనుక్కునేవాణ్ణి. చదువుకున్న పరాయి దేశస్థులకు జర్మనీ బ్లూ కార్డులని ఉద్యోగ వీసాలు కొత్తగా ఇస్తున్న కాలం. ఫ్రాంక్‌ఫర్ట్ పక్కనున్న ఎష్‌బోర్న్‌లో, అద్దాల గుట్టల్లాంటి ఆఫీసుల మధ్య, నా ప్రొబేషన్ ఇంకో నెలలో ముగుస్తుంది. గట్టెక్కితే జర్మనీ, లేకపోతే తిరిగి బందరు. మా బాస్‌ని చాటుగా టెర్మిన్ మాస్టారు అనుకునేవాళ్ళం (టెర్మిన్ అంటే ముందుగా రాయించుకున్న అపాయింట్‌మెంటు, ఆయనకు తుమ్ము వచ్చినా ముందు క్యాలెండర్ తెరిచి ఖాళీ ఉందో లేదో చూసుకునేవాడని నా గట్టి నమ్మకం).

ఆ మాస్టారు ఒక రోజు నన్ను పిలిచి, "ఐస్‌లాండ్ నుంచి చేపల ఎగుమతి కంపెనీ డైరెక్టరు వస్తున్నారు. వాళ్ళ సాఫ్ట్‌వేర్ పని మనకు రావాలి. వాళ్ళ దేశ ఆర్థిక వ్యవస్థ మీద నువ్వు పది నిమిషాలు మాట్లాడాలి. బ్యాంకుల మాట మాత్రం ఎత్తొద్దు" అన్నాడు. అక్కడి పెద్ద బ్యాంకులు కుప్పకూలిన పుండు ఇంకా పచ్చిగానే ఉంది మరి. "అయిపోతుందండీ" అన్నాను. ఆ దేశం గురించి అప్పటికి నాకు తెలిసిందల్లా అక్కడ చలి అని. అది కూడా పేరును బట్టి ఊహించిందే.

కంటికి కనిపించిందల్లా చదివి, నాతో ఇల్లు పంచుకుంటున్న హైదరాబాదు టోలీచౌకీ భాయ్‌ని సోఫాలో డైరెక్టరు లెక్కన కూర్చోబెట్టి రిహార్సల్ వేశాను.

"దేశం మొత్తం మూడు లక్షల చిల్లర జనం భాయ్. చేపలు పట్టి అమ్ముతారు. భూమిలోంచి వచ్చే వేడితో ఇళ్ళు కాచుకుంటారు. కరెంటు చవక కాబట్టి అల్యూమినియం తీస్తారు."

"మూడు లక్షలా? మా టోలీచౌకీల పెండ్లికి అంతకంటె ఎక్కువొస్తరు మియా!" (గోరంతను కొండంత చెయ్యడంలో భాయ్ నాకు గురువు.) "అల్యూమినియం మన్ను గూడ ఆడ్నే దొరుకుతదా?"

"లేదు, మన్ను బయటి దేశాల నుంచి తెచ్చుకుంటారు. పొయ్యి వాళ్ళది."

"అరె, మనం కూడ గంతే కద! బియ్యం ఇండియన్ షాపుది, పొయ్యి మనది. పో, పాసైతవ్."

తీరా వచ్చిన డైరెక్టరు ఆరడుగుల ఆడమనిషి. ఆవిడ గుడ్‌మార్నింగ్ చెబితే పక్క బిల్డింగులో ఇద్దరు బదులు చెప్పారు. మనసులోనే కెప్టెనమ్మ అని పేరు పెట్టుకున్నాను. కూర్చుంటూనే సంచిలోంచి పెద్ద పొట్లం తీసి, మూతి విప్పి బల్ల మీద పెట్టి, "ఇది మా ఎండుచేప" అని మాస్టారితో మాటల్లో పడింది. జర్మన్లందరూ మర్యాదగా కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు. నాకు మాత్రం బందరు గాలి ముఖాన కొట్టింది. విమానం దిగింది మొదలు ఎండుచేప మొహం చూడని ప్రాణం నాది. అదీగాక మన ఇళ్ళల్లో వచ్చినవాళ్ళు తెచ్చి బల్ల మీద పెట్టారంటే అది మనకే. ముట్టుకోకపోతే వాళ్ళు చిన్నబుచ్చుకుంటారు. అందుకని కేవలం మర్యాద కోసం ఒక ముక్క తీసుకున్నాను. నా ఉపన్యాసం మొదలైంది. చేపల పరిశ్రమ దగ్గర ఇంకో ముక్క, అల్యూమినియం దగ్గర గుప్పెడు, పర్యాటక రంగం వచ్చేసరికి పొట్లం అడుగు కనిపించింది. ఒక దేశ ఆర్థిక వ్యవస్థను అంతగా నమిలి మింగి మాట్లాడిన వక్త భూమ్మీద మరొకడు ఉండడు.

చప్పట్లు అయ్యాక కెప్టెనమ్మ బల్ల మీద వెతికింది. "నా శాంపిల్ ఏది? మధ్యాహ్నం ఫ్రాంక్‌ఫర్ట్‌లో టోకు వ్యాపారికి చూపించాలి. అదొక్కటే తెచ్చాను."

గదిలో ఉన్న కళ్ళన్నీ నా వైపు తిరిగాయి. మాస్టారి ముఖంలో నా విమానం టికెట్టు స్పష్టంగా కనిపించింది.

"ఎలా ఉంది?" అని అడిగిందావిడ.

"ఉప్పు తక్కువైందండీ" అనేశాను. (బందరువాణ్ణి ఎండుచేప గురించి అడిగితే ప్రాణం పోతున్నా నిజమే చెబుతాడు.)

"కోటు తొడుక్కో. శాంపిల్ నీ కడుపులో ఉంది కాబట్టి నువ్వే రావాలి."

"అతనికి మూడింటికి టెర్మిన్ ఉంది..." అని మాస్టారు గొణిగాడు.

"నాకూ ఉంది" అని ఆవిడ నన్ను కారెక్కించింది.

టోకు వ్యాపారి ఖాళీ పొట్లాన్ని వాసన చూసి, దూరంగా పెట్టి, "ఇది ఇక్కడ ఎవరు తింటారు?" అన్నాడు. కెప్టెనమ్మ నా వైపు చూసింది.

"ఎందుకు తినరండీ? ఒక్క ఎష్‌బోర్న్‌లోనే మావాళ్ళు లక్షమంది!"

"నేను పుట్టింది ఎష్‌బోర్న్‌లోనే" అన్నాడాయన తాపీగా. "ఊరు ఊరంతా కలిపితే ఇరవై వేలు." కాసేపు నన్ను ఎగాదిగా చూసి, "సరే, ఒక పెట్టె తెప్పిస్తాను. అమ్ముడుపోకపోతే నువ్వు కొంటావా?" అన్నాడు.

కెప్టెనమ్మ ఇంకా నన్నే చూస్తోంది. ఆ చూపు వెనక మాకు రావలసిన కాంట్రాక్టు, దాని వెనక మాస్టారు, ఆయన వెనక నా బ్లూ కార్డు వరసగా నిలబడి ఉన్నాయి. "ఒకటేం ఖర్మండీ, పది కొంటాను!"

ఆయన పది రాసుకున్నాడు.

కాంట్రాక్టు మాకే వచ్చింది, నా ప్రొబేషనూ గట్టెక్కింది. చేపలు మాత్రం ఒక్క ముక్క అమ్ముడుపోలేదు. పది పెట్టెలూ మా రెండు గదుల ఇంటికి ఊరేగింపుగా వచ్చాయి. "ఏందిర బై ఇది? మనం ఎవర్నో చంపి దాచినమని పక్కింటి అవ్వ పోలీసులకి ఫోన్ జేస్తది!" అని భాయ్ కిటికీలన్నీ బార్లా తెరిచాడు. ఆదివారం వంకాయ, చింతపండు వేసి పులుసు పెట్టాను. ముక్కు మూసుకుని కూర్చున్నవాడు మూడోసారి వడ్డించుకుంటూ, "వాసన బేకార్. పులుసు మాత్రం జబర్దస్త్" అన్నాడు. ఆ చలికాలమంతా జర్మనీలో ఐస్‌లాండ్ ఎండుచేపల మార్కెట్టు అంటే మేమిద్దరమే.

తరవాత ఆ దేశం మళ్ళీ నిలదొక్కుకుంది. చేపలన్నారు, టూరిస్టులన్నారు, ఇంకేవో కారణాలు పండితులు రాశారు. మా పులుసు ప్రస్తావన ఎక్కడా లేదు. నాకేం బాధ లేదు. ఇప్పుడెవరైనా పది పెట్టెలు కొంటావా అని అడిగితే, ముందు ధర అడుగుతాను, తరవాత ఇంట్లో కనుక్కుని చెబుతానంటాను, ఆ పైన ఫోనెత్తడం మానేస్తాను. ధరైనా అడక్కుండా ఒక దేశం దేశాన్నే నెత్తికెత్తుకున్న ఆ కుర్రాడు ఎప్పుడైనా ఎస్-బాన్ రైల్లో ఎదురుపడితే బాగుండుననిపిస్తుంది. పక్కకు జరిగి చోటిస్తాను. ఎండుచేపల పెట్టెల మధ్య వేలాడిన ఆ కోటు వాసనకు జనమెలాగూ లేచి వెళ్ళిపోతారు కాబట్టి ఇద్దరం కాళ్ళు బార చాపుకుని కూర్చోవచ్చు.