చప్పుళ్ళ మావయ్య

కారు కొనే రోజున ఎవరైనా కొత్త అల్లుడే. షోరూములో ముందున్న అద్దాల హాల్లో చల్లగాలి, కూర్చోగానే కాఫీ, "మీరు లేవకండి సార్, నేనే తెస్తాను" అంటూ చుట్టూ తిరిగే సేల్స్ అమ్మాయి. తాళాలు చేతిలో పెట్టేటప్పుడు ఫొటో, చప్పట్లు. అదే మనిషి ఆర్నెల్లు తిరిగాక సర్వీసుకని వెనక గేటులోంచి వస్తే ఇల్లరికం అల్లుడు. "టోకెన్ తీసుకుని అలా కూర్చోండి" అన్న మాట తప్ప పలకరింపు ఉండదు. కాఫీ మిషను అక్కడా ఉంటుంది గానీ, దానికి ఎప్పుడూ జబ్బే.

ఆ వెనక గేటు దగ్గర కూడా మనిషిని మనిషిగా చూసేవాడు ఒకడుండేవాడు. బండ్లు కడిగే చోటికీ, కస్టమర్లు కూర్చునే గదికీ మధ్య చిన్న బల్ల, ఒక కంప్యూటరు, చక్రాల్లో ఒకటి తిరగని కుర్చీ. ఆ కుర్చీలో చప్పుళ్ళ మావయ్య. అసలు పేరు జీతం ఇచ్చేవాళ్ళకు తెలుసేమో, మిగతా అందరికీ మావయ్యే.

ఆ పేరు ఊరికే రాలేదు. కస్టమరు వచ్చి, "బండిలో ఏదో శబ్దం వస్తోందండీ" అన్నాడనుకోండి. కంప్యూటరుకు అన్ని శబ్దాలూ ఒకటే, 'నాయిస్' అని కొడితే తృప్తిపడుతుంది. మావయ్యకు తృప్తి ఉండదు. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, కుర్చీ ముందుకు జరుపుకుని, "మాటల్లో వద్దు సార్, చేసి చూపించండి" అనేవాడు.

ఎంతటివాళ్ళకైనా మొదట సిగ్గేసేది. టై కట్టుకున్న పెద్దమనిషి అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "గుర్‌ర్‌ర్" అనేవాడు. "గుర్రా, గరగరా? తడిగా ఉంటుందా, పొడిగా ఉంటుందా?" పెద్దమనిషి టై వదులు చేసుకుని ఈసారి గట్టిగా గరగరలాడేవాడు. ఒకసారి ఒక జంట ఆ బల్ల ముందే దెబ్బలాడుకున్నారు. భర్త టకటక అంటాడు, భార్య టపటప అంటుంది. "పక్కన కూర్చునేది నేను, నాకు తెలీదా?" అని ఆవిడ. "నడిపేది నేను" అని ఆయన. మావయ్య ఇద్దరిచేతా విడివిడిగా చేయించి, "ఇద్దరూ కరెక్టేనండీ, రెండు జబ్బులున్నాయి" అని తేల్చాడు. నిజంగా రెండు ఉన్నాయో, సంసారం నిలబెట్టడానికి అలా అన్నాడో నాకు అనుమానమే. ఆ జంట మాత్రం నవ్వుకుంటూ వెళ్ళారు.

ఆ చెవి వాళ్ళమ్మ దగ్గర్నుంచి వచ్చింది. ఆవిడ కుట్టుపని చేసేది. పక్కగదిలో పడుకుని మిషను చప్పుడు వింటూ, "అమ్మా, నూనె అడుగుతోంది" అనేవాడట పిల్లప్పుడే. ఇదే కంపెనీలో బండ్లు కడిగే పనిలో చేరాడు, మెకానిక్కయ్యాడు, నడుము పట్టేశాక ఈ బల్ల దగ్గరికొచ్చాడు. చదువు పెద్దగా లేదు, ఆస్తి అసలు లేదు. చెవే ఆయన గొప్ప. ఆ గొప్ప పోతే ఈ కుర్చీలో తను ఎవరు అన్నది ఆయన ఎప్పుడూ ఆలోచించలేదు. ఆలోచించాల్సిన రోజు వస్తున్నా ఆలోచించలేదు.

ఎప్పుడు మొదలైందో చెప్పలేం. "ఈ మధ్య కంపెనీవాళ్ళు బండ్లు బాగా చేస్తున్నారోయ్, కీచుమనడాలు పోయాయి" అని ఒకరోజు మెచ్చుకున్నాడు. ఇంకోరోజు సేల్స్ అమ్మాయితో, "కొత్త మోడల్లో ఇండికేటర్ చప్పుడు తీసేశారు, చూశావా? కొనేవాళ్ళకు చెప్పు, మంచి పాయింటు" అన్నాడు. ఆ పిల్ల హాస్యమనుకుని నవ్వింది. మావయ్య హాస్యమాడలేదు. తర్వాత కూడా వచ్చిన కస్టమర్లకల్లా ఆ గొప్ప చెబుతూనే ఉన్నాడు, వాళ్ళు అయోమయంగా తలూపుతూనే ఉన్నారు.

ఇంట్లో కథ ఇంకోలా ఉండేది. కుక్కరు కూతలు పెట్టి పెట్టి మాడిపోతుంటే ఆయన దాని పక్కనే నిలబడి పేపరు చదువుకునేవాడు. భార్య వంటింట్లోంచి ఏదైనా చెబితే పలికేవాడు కాదు. "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా బతుకు" అని ఆవిడ అంటే, అది మాత్రం ఎదురుగా అనేది కాబట్టి వినపడి, "నీ మాటలే ఒక సర్వీసు బండి, ఎప్పుడూ ఏదో ఒక చప్పుడు" అనేవాడు. పోనుపోను ఆవిడ చెప్పడం తగ్గించేసింది. ఇల్లు ప్రశాంతంగా ఉందనుకున్నాడు మావయ్య. లోపల ఎక్కడో ఒక అనుమానం గిల్లేది. దాన్ని పెడచెవిన పెట్టేవాడు.

అలాంటి రోజుల్లో డ్రైవింగ్ టీచరమ్మ వచ్చింది. ఆడవాళ్ళకు కారు నేర్పుతుంది. ఆవిడ చిన్న కారులో పక్క సీటు దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది, నేర్చుకునేవాళ్ళు తడబడితే తను నొక్కడానికి. మనిషి పొట్టి, మాట పొడవు.

"బ్రేకు వేస్తే కీచుమంటోంది మావయ్యా" అని, అడక్కుండానే చేసి చూపించింది.

మావయ్య బండి తీసుకుని వెనక సందులో ఒక చక్కరు కొట్టాడు. బ్రేకు వేశాడు. మళ్ళీ వేశాడు. ఏమీ లేదు. తిరిగొచ్చి, "దుమ్ము పట్టి ఉంటుందమ్మా, కడిగించాను. బండి రాయిలా ఉంది" అన్నాడు. మావయ్య మాట కాబట్టి టీచరమ్మ నమ్మి వెళ్ళింది.

వారం తిరక్కుండా మళ్ళీ వచ్చింది. ఈసారి టోకెన్ తీసుకోలేదు, కూర్చోలేదు. గదిలో ఉన్నవాళ్ళంతా టీవీ వదిలేసి ఇటు తిరిగేలా మాట్లాడింది.

"రాయిలా ఉందన్నారు, నిజమే, రాయిలాగే దూసుకుపోయింది. నిన్న నా స్టూడెంటు ఏటవాలు రోడ్డులో బ్రేకు నొక్కితే ఆగలేదు. నేనూ నొక్కితే, ముందున్న బస్సుకు ఇంత దూరంలో ఆగింది." చేత్తో చూపించింది. అది జానెడు కూడా లేదు. "ఆ పిల్ల ఒక నర్సు. ఇక కారు జోలికే రానని ఏడుస్తూ వెళ్ళిపోయింది. కొనేటప్పుడు దేవుళ్ళలా చూస్తారు, కొన్నాక మా మాట వినేవాళ్ళే ఉండరు. మీరొక్కరు వింటారనుకున్నాను. మీరూ అంతేనా?"

ఆ చివరి మాట మావయ్యకు సూటిగా తగిలింది. "పదండమ్మా, మీరు పక్కన కూర్చోండి, నెమ్మదిగా నడుపుతాను" అన్నాడు.

వెనక సందులో, మనిషి నడకంత వేగంతో, బ్రేకు వేశాడు. టీచరమ్మ వేలెత్తింది. "అదిగో." మళ్ళీ వేశాడు. "అదిగో!" మూడోసారి వేసేసరికి గోడ పక్కన పడుకున్న కుక్క కూడా లేచి చెవులు రిక్కించింది. కారులో మావయ్య చెవిలో మాత్రం ఎండాకాలం మధ్యాహ్నమంత నిశ్శబ్దం. ఆయన టీచరమ్మ వేలి వైపు చూశాడు, కుక్క వైపు చూశాడు. బండి పక్కకు తీసి ఆపేశాడు. చేతులు స్టీరింగు మీదే ఉండిపోయాయి.

"అమ్మా, మీ బండిలో చప్పుడు లేదన్నది అబద్ధం. చప్పుడుంది. నాకే వినపడట్లేదు."

ఆ మాట అంతవరకూ తనతో తను కూడా అనుకోలేదు. అనేశాక భయమేసింది, సిగ్గేసింది. అన్నింటికన్నా ఎక్కువగా, ఏడుస్తూ వెళ్ళిపోయిన ఆ నర్సు పిల్ల గుర్తొచ్చింది.

టీచరమ్మ ఎత్తిన వేలు దించింది. "ఎప్పట్నుంచి?" అంది.

"తెలీదమ్మా. తెలుసుకోవాలనుకోలేదు."

"ముందు నా బ్రేకుల సంగతి చూడండి, తర్వాత మీ సంగతి చూద్దాం" అంది. కోపం పోలేదు గానీ గొంతు తగ్గింది. తగ్గించిన గొంతు మావయ్యకు సగమే వినపడింది. ఆ సంగతి ఆవిడకు అర్థమై, మళ్ళీ గట్టిగా చెప్పింది.

హెడ్ మెకానిక్ బండిని పైకెత్తి చక్రం ఊడదీశాడు. బ్రేకు ప్యాడు అరిగి అరిగి అప్పడంలా అయిపోయింది. అతను దాన్ని చూసి, మావయ్యను చూసి, మెల్లగా, "ఈ బండి పోయిన వారం వచ్చిందా? మా చెల్లెలి పెళ్ళికి నేను సెలవు పెట్టినప్పుడా?" అన్నాడు.

అడిగిన తీరులోనే ఏదో ఉంది. మావయ్య అతని పెదాల వైపే చూస్తూ, "నువ్వుంటే ఏం చేసేవాడివిరా?" అన్నాడు.

హెడ్ మెకానిక్ చేతిలో గుడ్డను అటూ ఇటూ తిప్పాడు. "మీరు తిప్పి తెచ్చిన ప్రతి బండినీ మళ్ళీ ఒక చక్కరు తిప్పుతాను మావయ్యా. చాలా కాలంగా. టీకని చెప్పి వెళ్తాను చూడండి, అందుకే."

"అంటే నీకు తెలుసా?"

"అందరికీ తెలుసు. ఇండికేటర్ చప్పుడు తీసేశారని మీరన్న రోజే తెలిసింది."

బండ్లు కడిగేవాళ్ళు నీళ్ళు ఆపేశారు. ఎవరూ ఇటు చూడట్లేదు, అంటే అందరూ వింటున్నారని అర్థం. మావయ్యకు మొదట చెప్పలేనంత కోపం వచ్చింది. ఇంతమంది కలిసి తనను పిల్లాణ్ణి ఆడించినట్టు ఆడించారు. "చెప్పాలని ఒక్కడికీ అనిపించలేదా?"

"చెబితే మీరు ఆ కుర్చీ వదిలేసి వెళ్ళిపోతారు. మీ సంగతి మాకు తెలీదా?"

కోపం అక్కడికక్కడే నీరుగారిపోయింది. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, తుడవాల్సింది కళ్ళజోడు కాకపోయినా. "మీ ప్రేమ పాడుగాను. నువ్వొక్కరోజు సెలవు పెడితే ఒక తల్లి బిడ్డ బస్సు కిందికి పోయేదిరా. దాచిన నాదీ తప్పే, కప్పిపుచ్చిన మీదీ తప్పే" అన్నాడు.

ఎవరూ చెప్పకముందే తానే వెళ్ళి మేనేజరమ్మతో చెప్పాడు. ఆవిడ మంచిదే, కానీ ఆ పూట మంచితనం చూపించలేదు. ఎడాపెడా కడిగేసింది. అంతా అయ్యాక, "డాక్టరు చూసేదాకా మీరు స్టీరింగు ముట్టుకోకూడదు. టెస్ట్ డ్రైవులన్నీ హెడ్ మెకానిక్ చూసుకుంటాడు" అంది. మావయ్య తలూపి తలుపు దాకా వెళ్ళాడు. "ఎక్కడికి?" అంది. "సామాన్లు తీసుకుందామని." "కుర్చీ ఖాళీ చేయమని నేనన్నానా? పెద్దపెద్దవాళ్ళు మీ ముందు కప్పల్లా అరుస్తారు. నా ముందు ఎవరు అరుస్తారు చెప్పండి?"

అన్నింటికన్నా కష్టమైన మాట ఇంట్లో చెప్పాల్సొచ్చింది. భార్య వింటూ వింటూ కూలబడిపోయింది. "నా మాటలంటే విసుగు పుట్టి విననట్టు ఉంటున్నారనుకున్నానండీ. అందుకే మాట్లాడటం మానేశాను" అని ఏడ్చింది. ఇల్లు ప్రశాంతంగా ఉందనుకున్న రోజులన్నీ మావయ్యకు ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఇన్ని బండ్ల కష్టం విన్న చెవి కట్టుకున్నదాని మౌనం వినలేకపోయింది. ఆవిడ చెయ్యి పట్టుకుని, "ఇక నుంచి మానకు. గట్టిగా చెప్పు, తిట్టినా సరే" అన్నాడు.

చెవి డాక్టరు దగ్గరికి ఇద్దరూ కలిసే వెళ్ళారు. సన్నటి చప్పుళ్ళే ముందు పోయాయన్నాడు డాక్టరు. శనగగింజంత మిషను చెవిలో పెట్టారు. ఆ సాయంత్రం వంటింట్లోంచి భార్య మామూలు గొంతుతో ఏదో సణిగితే మావయ్య హాల్లోంచి జవాబు చెప్పాడు. ఆవిడ ఉలిక్కిపడి, ఆ తర్వాత చాలాసేపు సణిగింది.

కొన్నాళ్ళకు టీచరమ్మ మామూలు సర్వీసుకు వచ్చింది. నర్సు మళ్ళీ నేర్చుకోవడానికి వస్తోందని చెప్పింది. పని పూర్తయ్యాక తాళాలు బల్ల మీద పెట్టి, "మీరే తిప్పి చూపించండి" అంది. మావయ్య వెనక్కి తిరిగి చూశాడు. మేనేజరమ్మ అద్దం అవతల్నుంచి తలూపింది. హెడ్ మెకానిక్ టీకి వెళ్ళకుండా అక్కడే నిలబడ్డాడు.

వెనక సందులో బ్రేకు వేశాడు. ఏమీ లేదు. మావయ్య టీచరమ్మ వేలి వైపు చూశాడు. "అమ్మా, చప్పుడు నిజంగా లేదా, నాకే వినపడట్లేదా?"

"నిజంగానే లేదు" అంది టీచరమ్మ.

సందు చివర మలుపు కోసం ఇండికేటర్ వేశాడు. టిక్, టిక్, టిక్. మావయ్య అటూ ఇటూ చూశాడు, ఎక్కణ్ణుంచని. బండి మలుపు తిరిగింది, ఇండికేటర్ దానంతటదే ఆగిపోయింది. ఎదురుగా తిన్నటి రోడ్డు. ముందూ వెనకా ఎవరూ లేరు. మావయ్య చెయ్యి మళ్ళీ ఇండికేటర్ వేసింది.

"ఎటు తిరుగుతున్నారండీ?" అంది టీచరమ్మ.

"ఎటూ లేదమ్మా" అన్నాడు మావయ్య. కళ్ళు తుడుచుకోలేదు, బండి నడుపుతున్నాడు కదా. "దీన్ని తీసేయలేదన్నమాట."